సంతకం చేతిదా, అచ్చుదా? బేస్‌బాల్ కార్డుల సంగతి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

బోథెల్ నాన్న (వాషింగ్టన్ రాష్ట్రం), ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, బేస్‌బాల్‌లో నాకు ఓనమాలు రావు. ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళయినా ఇన్నింగ్స్ అన్న మాట వింటే నాకు గవాస్కరే గుర్తొస్తాడు. మావాడికి పదకొండేళ్ళు. ఏడాదిగా ఈ కార్డుల పిచ్చి పట్టుకుంది. పుట్టినరోజుకి ఏం కావాలిరా అంటే ప్యాకెట్లు, సంక్రాంతికి ఏం కావాలిరా అంటే ప్యాకెట్లు.

ఇవాళ సంతలో ఒక పెద్దాయన బల్ల మీద 1980 నాటి టాప్స్ (ఈ కార్డులు అచ్చేసే కంపెనీ) కార్డు కనపడింది. నోలన్ రయన్‌ది, ఏంజెల్స్ జట్టులో ఉన్నప్పటిది. బొమ్మ మీద అడ్డంగా సంతకం. "సంతకం ఉన్న కార్డు, అరవై డాలర్లు" అన్నాడు. బేరమాడి నలభై ఐదుకి తెచ్చాను. గొప్ప బేరం చేశాననుకుంటూ ఇంటికొచ్చి మావాడి చేతిలో పెట్టాను. వాడు దీపం కిందకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి, "నాన్నా, ఇది ప్రింటు" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు పాపం. మా ఆవిడ మాత్రం వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంది.

నిజంగా ప్రింటేనా? ఎలా తెలుస్తుంది? వాడికి అసలు సంతకం ఉన్న కార్డు ఒక్కటి ఇప్పించాలని ఉంది. ఎక్కడ మొదలెట్టాలి?

---

అట్టపెట్టె (ఎడిసన్, న్యూజెర్సీ), ఆదివారం రాత్రి

మీవాడే కరెక్టండీ. ఆ ఏడాది టాప్స్ వాళ్ళు కార్డుల మీద ఆటగాళ్ళ సంతకాలు బొమ్మతోపాటే అచ్చు వేశారు. ఇది వాళ్ళకి పాత అలవాటు. 1952 సెట్ తీసినా, 1975ది తీసినా, 1982ది తీసినా అదే వరస. సంతలో కొత్తవాళ్ళని బోల్తా కొట్టించడానికి ఈ కార్డులు భలే పనికొస్తాయి.

ఇంట్లోనే చూసుకోవచ్చు. భూతద్దం పెట్టండి. అచ్చు సంతకమైతే గీత అంతా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, లేదా బొమ్మలోని రంగుతో కలిసిపోయి ఉంటుంది. చేత్తో చేసిందైతే సిరా కార్డు పైన కూర్చుని ఉంటుంది. కార్డుని దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే, ఆ గీత మెరుపు చుట్టూ ఉన్న మెరుపుకంటే వేరుగా కనిపిస్తుంది. గీత గీతని దాటిన చోట సిరా చిక్కబడుతుంది. ఇంకో సులువు: అదే ఏడాది అదే ఆటగాడి కార్డు బొమ్మ ఇంకెక్కడైనా వెతకండి. రెండింటి మీదా సంతకం అదే చోట, అదే వంకరతో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కార్డు మాత్రం అసలుదే కదా, పారేయకండి. నోలన్ రయన్ అంటే చిన్నవాడు కాదు. ఆయన పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు. 5,714 స్ట్రైకవుట్లు (బ్యాటరు మూడు స్ట్రైకులకి ఔటవడం), ఏడు నో-హిట్టర్లు (ఎదుటి జట్టుకి ఒక్క హిట్టూ ఇవ్వని ఆటలు). ఆ రెండు రికార్డులూ ఇప్పటికీ ఆయనవే.

---

లెక్కల మాస్టారు (హ్యూస్టన్), ఆదివారం రాత్రి

నలభై ఐదు డాలర్లు పెట్టి అట్టముక్క కొన్నారు. పైగా అది అచ్చుదా చేతిదా అని రాత్రి పూట పంచాయితీ. ఆ డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో వేసుకుంటే పిల్లాడి కాలేజీకి పనికొచ్చేది కదా సార్.

---

గుంటూరు గూగ్లీ (గుంటూరు), సోమవారం పొద్దున

మాస్టారూ, మీరు చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొనలేదా? నిజం చెప్పండి. లోపల క్రికెటర్ బొమ్మ, దాని మీద ఇన్ని రన్నులు, ఇన్ని వికెట్లు అని ఉండేది. రన్నులన్నీ పోగేసి ఇస్తే బహుమతి. మా బ్రాడీపేటలో కిళ్ళీకొట్టు ముందు బడి వదలగానే మార్పిడి సంత నడిచేది. ఒక్క కపిల్‌దేవ్‌కి వేరేవాళ్ళు ఎవరో ఒక ముగ్గుర్ని ఇచ్చేవాళ్ళం. మా నాయన దొరకబుచ్చుకుని మొత్తం పొయ్యిలో వేశాడు. ఇప్పటికీ ఆయన్ని ఆ ఒక్క విషయంలో క్షమించలేదు నేను.

---

అట్టపెట్టె, సోమవారం పొద్దున

హహ. మీ నాన్నగారు పొయ్యిలో వేస్తే టాప్స్ కంపెనీ సముద్రంలో వేసింది. 1952 సెట్‌లో చివరి విడత అమ్ముడుపోక గోదాములో ఏళ్ళ తరబడి పడి ఉంది. ఆ సెట్ తయారుచేసిన సై బెర్గర్ అనే ఆయనే 1960లో వాటిని బార్జి మీద వేసుకెళ్ళి అట్లాంటిక్‌లో పారబోయించాడు. మికీ మాంటిల్ అనే పెద్ద ఆటగాడి 311వ నంబరు కార్డు ఆ విడతలోదే. సముద్రం పాలు కాకుండా మిగిలిన వాటిలో బాగా నిగనిగలాడే ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకి అమ్ముడైంది. దాని మీద చేతి సంతకం కూడా లేదు, అచ్చుదే!

---

లెక్కల మాస్టారు, సోమవారం మధ్యాహ్నం

అది లాటరీ. లాటరీ తగిలినవాడి కథ అందరూ చెప్తారు. తగలని కోటిమంది కథ ఎవరు చెప్తారు?

---

అట్టపెట్టె, సోమవారం సాయంత్రం

ఆ మాట మాత్రం ఒప్పుకుంటా మాస్టారూ. నేను 1994లో ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు మా రూమ్మేట్ దగ్గర 80ల చివర, 90ల మొదట్లో అచ్చేసిన కార్డులు మూడు పెట్టెలు ఉండేవి. పెద్దయ్యాక ఇల్లు కొంటానన్నాడు. ఆ కాలంలో కంపెనీలు కార్డుల్ని పాంప్లెట్లలాగా అచ్చేసి వదిలాయి. వాటిలో చాలావాటికి ఇవాళ పోస్టు ఖర్చు కూడా రాదు. ఇక్కడివాళ్ళు ఆ కాలానికి పెట్టుకున్న పేరే "జంక్ వాక్స్" (చెత్త ప్యాకెట్ల కాలం అన్నమాట).

కానీ మనం మాట్లాడే సంతకాల కార్డులు పుట్టింది కూడా ఆ రోజుల్లోనే. 1990లో అప్పర్ డెక్ అనే కార్డుల కంపెనీ వాళ్ళు రెజీ జాక్సన్ అనే పేరున్న ఆటగాడి చేత 2,500 కార్డుల మీద సంతకం పెట్టించి, నంబర్లు వేసి మామూలు ప్యాకెట్లలో కలిపేశారు. అంతకుముందు సంతకం కావాలంటే స్టేడియం గేటు దగ్గర నిలబడాల్సిందే. ఆ తర్వాత ప్యాకెట్ చింపితే దొరకడం మొదలైంది.

బోథెల్ నాన్నగారూ, మీకు మూడు దార్లున్నాయి. ప్యాకెట్లో వచ్చే కార్డు: తమ మనిషి ఎదుట ఆటగాడు సంతకం పెట్టాడని కంపెనీయే వెనకవైపు రాసి ఇస్తుంది. రెండోది మీరే దగ్గరుండి పెట్టించుకోవడం. మూడోది కార్డు జతచేసి ఆటగాడికి ఉత్తరం రాయడం. వీటిలో ఏదీ కాకుండా సంతలో ఎవడో "నమ్మండి" అని అమ్మేదాన్ని మాత్రం నమ్మకండి.

ప్యాకెట్లో వచ్చినవాటిలోనూ తేడాలున్నాయి. ఆటగాడు పారదర్శకమైన స్టిక్కర్ల షీటు మీద గబగబా సంతకాలు గీకేస్తే, కంపెనీ వాటిని తర్వాత కార్డులకి అంటిస్తుంది. అంటే ఆ కార్డుని అతను కంటితో కూడా చూసి ఉండడు. నేరుగా కార్డు మీద చేసిందానికే మావాళ్ళలో గౌరవం ఎక్కువ. ఇంకొకటి, ఆటగాడు సమయానికి సంతకాలు చేసి పంపకపోతే ప్యాకెట్లో కార్డు బదులు కూపన్ వస్తుంది. కోడ్ గీకి వెబ్‌సైట్లో కొట్టి ఎదురుచూడాలి. నాదొకటి వచ్చేసరికి ఆ పిల్లాడు ఆట మానేసి కోచ్ అయిపోయాడు.

---

ఫ్రిస్కో రవ్వదోశ (టెక్సస్), సోమవారం రాత్రి

మీ మావాళ్ళూ మీవాళ్ళూ సరే గానీ అన్నయ్యా, ఆయన అడిగింది పిల్లాడికి ఒక్క సంతకం. దానికి మైనర్ లీగ్‌ని (పెద్ద జట్లకి ఆటగాళ్ళని తయారుచేసే చిన్న జట్ల ఆటలు) మించింది లేదు. మేజర్ లీగ్ ఆటకి నలుగురం వెళ్ళి, పార్కింగు, హాట్‌డాగులు కలుపుకుంటే నెల సరుకుల ఖర్చు. పైగా ఆటగాడు మైలు దూరంలో ఉంటాడు. మా ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ అని టెక్సస్ రేంజర్స్ అనే పెద్ద జట్టు వాళ్ళ డబుల్-ఏ (పెద్ద జట్టుకి రెండు మెట్లు కింద) జట్టుంది. ఇంటి నుంచి పది నిమిషాలు. పెద్ద జట్టుకి వెళ్ళబోయే పిల్లలందరూ ఆ మెట్టు మీదుగానే పోతారు. జాక్ లైటర్ని, ఎవాన్ కార్టర్ని, వ్యాట్ లాంగ్‌ఫర్డ్‌ని మా పిల్లలు కంచె పట్టుకుని ఇక్కడే చూశారు. తర్వాత కార్టర్ 2023లో రేంజర్స్‌తో వరల్డ్ సిరీస్ గెలిచాడు. "మన కార్టరే" అని మా చిన్నది ఇల్లంతా గెంతింది.

కుమార్ రాకర్ సంగతి చెప్పాలి. పేరు చూసి మా అత్తగారు "మనవాడేనా?" అన్నారు. వాళ్ళమ్మ పేరు లలిత, ఆవిడ తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినవాళ్ళు. నాన్న ట్రేసీ రాకర్, కాలేజీ ఫుట్‌బాల్‌లో పేరు మోసినవాడు. కుమార్ 2019లో వాండర్‌బిల్ట్ తరఫున డ్యూక్ మీద 19 స్ట్రైకవుట్లతో నో-హిట్టర్ వేశాడు. 2021లో జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ ఎంచుకుని కూడా వైద్యపరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడు రేంజర్స్ మూడో స్థానంలో తీసుకున్నారు. తర్వాత మోచేతి ఆపరేషను. 2024లో కోలుకుని వచ్చి మా ఊళ్ళో బంతులేశాడు, ఆ సెప్టెంబరుకల్లా పెద్ద జట్టులో ఉన్నాడు. అత్తగారికి బేస్‌బాల్ ముక్క తెలీదు. అతను బంతి వేసినప్పుడల్లా మాత్రం "లలితమ్మ కొడుకు, లలితమ్మ కొడుకు" అంటూ కూర్చున్నారు.

---

కరీంనగర్ కర్వ్‌బాల్ (చాండ్లర్, అరిజోనా), సోమవారం రాత్రి

అన్నా, ఫిబ్రవరి మార్చిల, సీజన్ ముందర ప్రాక్టీసు నడిచేటప్పుడు మా దిక్కు రండి. మేజర్ లీగ్ల పదిహేను జట్లు ఫీనిక్స్ చుట్టుపక్కలనే దిగుతయి, తక్కిన పదిహేను ఫ్లోరిడాకు పోతయి. ఆటకంటె ముందుగాల పొద్దుగాల ప్రాక్టీసు ఉంటది, గప్పుడు పోవాలె. వెనక గ్రౌండ్ల కెల్లి ఒక మైదానం నుంచి ఇంకో దానికి నడుసుకుంట పోతుంటరు. పిల్లగాడు కార్డు, పెన్ను పట్టుకొని మర్యాదగ పేరు పెట్టి పిలిస్తె శానమంది ఆగుతరు. ఏప్రిల్ పడ్డదంటె ఆళ్ళే గుర్తుపట్టరు.

ఇంకో మాట. పెన్ను మంచిది తీస్కపోవాలె. కార్డుకు నీలం షార్పీ (మార్కర్ పెన్ను). బంతికి మాత్రం షార్పీ వద్దు, కొన్నేండ్లల్ల సిరా తోలు మీద ఊరి పాకుతది. బంతికి నీలం బాల్‌పెన్ను. మెరిసే క్రోమ్ కార్డయితె ఆ జిడ్డు మీద సిరా పట్టదు, బుడగలు బుడగలైతది. ఇంట్లనే మెత్తటి రబ్బరుతోని పైపైన రుద్దుకొని పోవాలె. నేను ఇవన్ని తెల్వక నాలుగు కార్డులు ఖరాబు చేసిన.

---

షార్పీ సోదరుడు (టాంపా, ఫ్లోరిడా), మంగళవారం

మంచి సలహా. నేను కలిపేది ఒక్కటి: ఒక్క కార్డుతో వెళ్ళకండి. ఒక్కో ఆటగాడివి ఆరేడు కార్డులు బైండర్లో పెట్టుకెళ్ళండి, పిల్లాణ్ణి ముందు నిలబెట్టండి. పిల్లలకి కాదనరు. రెండు మీరుంచుకుని మిగతావి అమ్మితే ప్రయాణ ఖర్చులు వచ్చేస్తాయి. నేను అలాగే చేస్తాను.

---

ఫ్రిస్కో రవ్వదోశ, మంగళవారం

ఓహో, మీరేనా ఆ బైండర్ల బాపతు! కంచె దగ్గర మా పిల్లల్ని మోచేత్తో పక్కకి నెట్టేది మీలాంటివాళ్ళే. ఆటగాళ్ళకి తెలియదనుకుంటారా? ఆ బైండర్ చూడగానే కొందరు పెన్ను మూత పెట్టి వెళ్ళిపోతారు. మీ మూలంగా మా పిల్లలకీ పోతుంది.

---

షార్పీ సోదరుడు, మంగళవారం

నేను ఎవర్నీ నెట్టలేదమ్మా. టికెట్టు కొని, ఎండలో మూడు గంటలు నిలబడేది నేను. అమ్మడం నేరమా?

---

ఫ్రిస్కో రవ్వదోశ, మంగళవారం

నేరం కాదు. పిల్లాణ్ణి ముందు నిలబెట్టమన్నారు చూడండి, అది.

---

నిర్వాహకుడు, మంగళవారం

ఇద్దరూ ఆగండి. అమ్మకం కొనుగోళ్ళ ప్రకటనలు ఇక్కడ పెట్టకూడదని మళ్ళీ గుర్తుచేస్తున్నాను. మాటామాటా ఇక్కడితో చాలు.

---

అట్టపెట్టె, మంగళవారం రాత్రి

దీనికి ఆటగాళ్ళు కనిపెట్టిన విరుగుడు ఒకటుంది. "నీ పేరేంటి?" అని అడిగి "ఫలానావాడికి" అని రాసి సంతకం పెడతారు. పేరు పడితే బజార్లో ధర పడిపోతుంది, అమ్మేవాడికి గిట్టదు. బోథెల్ నాన్నగారూ, మీకు అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి మీవాడిచేత పేరు రాయించుకోమని అడిగించండి. అడగడంతోనే ఆటగాడి మొహం మారిపోవడం నేను చూశాను.

దొంగ సంతకాల సంగతి కూడా చెప్పనివ్వండి, మాస్టారికి నచ్చుతుంది. 90ల చివర్లో ఎఫ్‌బీఐ వాళ్ళు శాన్ డియాగో కేంద్రంగా ఆపరేషన్ బుల్‌పెన్ అని ఒకటి నడిపారు. ముఠా ఇళ్ళల్లో కూర్చుని గతించిన ఆటగాళ్ళ సంతకాలు బంతుల మీద పెట్టేస్తోంది. దొరికిన సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ కూడా ఉంది! ఆ తల్లి ఎప్పుడు పట్టుకుంది బేస్‌బాల్‌ని? ఆ దెబ్బతోనే మేజర్ లీగ్ 2001లో సొంత ధ్రువీకరణ పెట్టింది. వాళ్ళ మనిషి కళ్ళారా చూస్తేనే హోలోగ్రామ్ అంటిస్తాడు. చూడనిదానికి ఎంత బతిమాలినా వెయ్యడు.

మీరే పెట్టించుకున్న సంతకానికి పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ లాంటి సంస్థలు రుసుం తీసుకుని చూసి చెప్తాయి. కానీ అది నిపుణుడి అభిప్రాయమే, సాక్ష్యం కాదు. సాక్షి మీవాడే.

---

లెక్కల మాస్టారు, బుధవారం

మదర్ థెరిసా బంతి బాగుంది. ఇవాళ ఆఫీసులో అందరికీ చెప్పాను.

ఒక్క ప్రశ్న. ఆ పైరేట్స్ పిచ్చర్ పాల్ స్కీన్స్ కార్డు ప్యాకెట్లో దొరికిన లాస్ ఏంజెలెస్ పిల్లాడిది కూడా మీవాడి వయసే కదా? మొదటి ఆటలో వేసుకున్న చొక్కా మీది గుడ్డముక్క, సంతకం, ప్రపంచంలో ఒకే ఒక్కటి. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ముప్పై ఏళ్ళ సీజన్ టికెట్లు ఇస్తాం, కార్డు ఇచ్చేయమన్నా వాళ్ళు ఇవ్వలేదు. 2025 మార్చిలో వేలంలో 11 లక్షల డాలర్లు దాటింది. నేనైతే ఆ ముప్పై ఏళ్ళ టికెట్లకి ఇప్పటి విలువ కట్టి చూసేవాణ్ణి. వాళ్ళు చేసిందే సరైన లెక్క.

---

గుంటూరు గూగ్లీ, బుధవారం

మాస్టారు రహస్యంగా ఫాలో అవుతున్నారు, చూశారా!

---

అట్టపెట్టె, బుధవారం

అసలు విషయం మరిచాను. బోథెల్ నాన్నగారూ, మీరు ఎవరెట్‌కి అరగంట దూరంలో ఉండి నోలన్ రయన్ దగ్గర మొదలెట్టారేమిటండీ? అర్జున్ నిమ్మల పేరు విన్నారా? టాంపా దగ్గర పెరిగిన షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసేవాడు). తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినవాళ్ళు. చిన్నప్పుడు క్రికెట్ ఆడి ఇటు వచ్చాడు. 2023 డ్రాఫ్ట్‌లో టొరొంటో బ్లూ జేస్ మొదటి రౌండులో 20వ స్థానంలో తీసుకున్నారు, అప్పటికి పదిహేడేళ్ళు. ఈ ఏడాది (2025) బ్లూ జేస్ వాళ్ళ మైనర్ లీగ్ జట్టు వాంకూవర్ కెనేడియన్స్‌కి ఆడుతున్నాడు. వాళ్ళదీ మీ ఎవరెట్ ఆక్వాసాక్స్‌దీ ఒకటే లీగు. అంటే అతను మీ ఊరికే వస్తాడు.

---

బోథెల్ నాన్న, బుధవారం రాత్రి

నిమ్మలా? మా అమ్మమ్మగారి ఊళ్ళో నిమ్మలవాళ్ళు నాలుగిళ్ళు ఉండేవాళ్ళండీ! మావాడితో చెప్తే వాడికి ఎప్పుడో తెలుసట. "నువ్వు అడగలేదుగా నాన్నా" అన్నాడు.

---

షార్పీ సోదరుడు, గురువారం

మా టాంపా పిల్లాడే. 2024లో ఇక్కడి డనీడిన్‌లో, బ్లూ జేస్ వాళ్ళ ఇంకో చిన్న జట్టుకి ఆడుతున్నప్పుడు చాలాసార్లు చూశాను. మైనర్ లీగ్‌లో సిరీస్ మంగళవారం మొదలై ఆదివారం దాకా ఆరు ఆటలు, సోమవారం సెలవు. మంగళ, బుధవారాల్లో వెళ్ళండి, జనం తక్కువ. గేట్లు తీసే వేళకే ఉండి, వచ్చిన జట్టు డగౌట్ పక్క కంచె దగ్గర నిలబడండి. బౌమన్ (కొత్త ఆటగాళ్ళ కార్డులు వేసే బ్రాండు) కార్డయితే "ఫస్ట్" ముద్ర, అంటే అతని మొదటి బౌమన్ కార్డని చెప్పే ముద్ర, ఉన్నది చూసి కొనుక్కోండి, సంతకం లేని మామూలుది చాలు. ఆటలో మునిగి ఉన్నప్పుడు పిలవద్దు. ఒక్క కార్డే తీసుకెళ్ళండి.

రవ్వదోశగారూ, చివరి వాక్యం మీకోసం.

---

ఫ్రిస్కో రవ్వదోశ, గురువారం

చూశాను. థాంక్స్ అన్నయ్యా.

---

బోథెల్ నాన్న, కొన్ని వారాల తర్వాత, అర్ధరాత్రి

ఇప్పుడే ఇంటికొచ్చాం, మావాడు కార్లోనే నిద్రపోయాడు. మీరందరూ అడుగుతారని రాస్తున్నా.

మంగళవారం అన్నారు, నాకు మీటింగులు. శుక్రవారం వెళ్ళాం. ఐ-5 మీద లిన్‌వుడ్ దాటేసరికే గంట. లోపలికి వెళ్ళేటప్పటికి జాతీయగీతం పాడుతున్నారు. సంతకాల వేళ ఎప్పుడో అయిపోయింది. మావాడు ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉంది. కార్డు, పెన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కానీ మైకులో "నిమాలా" అని వినపడగానే మా ఆవిడ లేచి నిలబడి "నిమ్మల! మ్మ వత్తాలి!" అని అరిచింది. ముందు వరసలో ఉన్న తెల్లావిడ వెనక్కి తిరిగి మీ అబ్బాయా అని అడిగింది. మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, కాదు, మావాళ్ళబ్బాయి అంది. ఆ తర్వాత ఆ వరసంతా మాతోపాటే "నిమ్మల" అని సరిగ్గా అరవడం నేర్చుకున్నారు.

ఆట అయ్యాక బస్సు దగ్గర పావుగంట నిలబడ్డాం. తలలు వంచుకుని బ్యాగులతో ఒక్కొక్కళ్ళూ ఎక్కేస్తున్నారు. అర్జున్ ఎప్పుడు ఎక్కాడో మేం చూడనేలేదు. చివర్లో ఒక పొడుగాటి పిల్లాడు, పిచ్చరనుకుంటా, మావాడి చేతిలో పెన్ను చూసి తనే వచ్చాడు. మావాడి దగ్గర అతని కార్డు లేదు. అర్జున్ కార్డు మీద వేరేవాళ్ళ చేత పెట్టించడం ధర్మం కాదని మావాడు జేబులోంచి ఏం తీశాడో తెలుసా? నేను కొన్న నోలన్ రయన్. తెచ్చాడని నాకు తెలీనే తెలీదు. ఆ అబ్బాయి దాన్ని చూసి పగలబడి నవ్వాడు. "దీని మీదా? ఈయన మీదా?" అని, పేరు అడిగి, వెనకవైపు అంకెల మధ్య చోటు వెతుక్కుని మావాడి పేరు రాసి సంతకం పెట్టాడు.

ఇప్పుడు నా కష్టం ఏంటంటే ఆ సంతకం ఎవరిదో చదవలేకపోతున్నాం. మొదటి అక్షరం జే కావచ్చు, టీ కావచ్చు. చొక్కా నంబరు చూసుకోలేదు, బస్సెక్కే బట్టల్లో ఉన్నాడు. ఫొటో పెడుతున్నా.

---

కరీంనగర్ కర్వ్‌బాల్, మరునాడు

అది టీ కాదన్నా, ఎఫ్ లెక్క కొడుతుంది. జట్టు వెబ్‌సైట్ల రోస్టర్ (ఆటగాళ్ళ పట్టిక) ఉంటది, పిచ్చర్లందర్ని ముందలేసుకొని పిల్లగాన్ని మొఖాలు గుర్తుపట్టమను.

---

అట్టపెట్టె, మరునాడు

కార్డుని పెన్నీ స్లీవ్‌లో (పల్చటి ప్లాస్టిక్ తొడుగు) పెట్టి, ఆపైన టాప్ లోడర్‌లో (గట్టి ప్లాస్టిక్ తొడుగు) పెట్టండి. కిటికీ దగ్గర వద్దు, ఎండకి నీలం సిరా వెలిసిపోతుంది. 1980 కార్డుకి వెనక ఉన్న అట్ట పూతలేనిది, సిరా బాగా ఇంకుతుంది. ఆ సంతకం ఎక్కడికీ పోదు.

---

లెక్కల మాస్టారు, మరునాడు

ముందు అచ్చు సంతకం, వెనక చేతి సంతకం. పెట్టుబడి నలభై ఐదు. ఆ పిల్లాడు ఎవరో తేలితే చెప్పండి, అతని పేరు మీద ఓ కన్నేసి ఉంచుతా.

---

బోథెల్ నాన్న, మరునాడు

ఎఫ్ కాదు, జే అని మావాడు తేల్చాడు. రోస్టర్లో జేతో మొదలయ్యే పిచ్చర్లు ఒకరికి మించి ఉన్నారు. వాంకూవర్ మళ్ళీ వచ్చినప్పుడు నేరుగా అడుగుతాడట. ఈసారి మంగళవారానికి టికెట్లు తీసేశాను, సెలవు కూడా పెట్టేశాను. వాన పడితే డబ్బు వాపసు ఇస్తారా, ఇంకో ఆటకి మారుస్తారా, ఎవరికైనా తెలుసా?

---

ఫ్రిస్కో రవ్వదోశ, మరునాడు

మామూలుగా ఇంకో ఆటకి మార్చుకోనిస్తారు, వాపసు ఉండదు. గొడుగు తీసుకెళ్ళండి. జేతో మొదలయ్యే ఆ పిచ్చర్లందరి కార్డులు కూడా.